ఒళ్ళు చల్లారేదాకా

ఆ ఏడు చనిపోయినవాళ్ళ పండగ వెళ్ళిన వారానికి మా ఆయన ఎవెలియో రెండు సంచులతో ఇంటికొచ్చాడు. ఎప్పుడూ ఒకటే సంచి తెచ్చేవాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కే మనిషికి రెండోది అక్కర్లేదు.

"ఈస్టర్ దాకా సెలవు పెట్టాను, నెల్మీ. జీతం రాదు," అన్నాడు గడపలోనే నిలబడి. "ఈ వ్యాను పని కుదురుకుంటే ఇక్కడే ఉండిపోతా. కుదరకపోతే మళ్ళీ వెళ్ళి ట్రే పట్టుకుంటా."

"సరే. ముందు కూర్చో. ఒళ్ళు చల్లారాక కాళ్ళు కడుక్కుందువుగాని," అన్నాను.

పదకొండేళ్ళుగా సముద్రపు ఒడ్డున హోటల్లో వడ్డన చేస్తూ, పదిహేను రోజులకోసారి రెండు రాత్రులు ఇంట్లో పడుకునే మనిషి. తను ఉండిపోవాలని నాకు ఎంత ఉందో నాకు తెలుసు. కానీ అడిగి ఆపినవాళ్ళు ప్రతి కష్టానికీ జవాబు చెప్పుకోవాలని మా అమ్మ అనేది. అందుకని అడగలేదు.

వ్యాను పని ఇదీ. మంగళ, గురు, శనివారాల్లో టూరిస్టు ఏజెన్సీ వాళ్ళు సముద్రపు ఒడ్డు హోటళ్ళ నుంచి పన్నెండు మందిని పంపుతారు. పొద్దున రాళ్ళ దగ్గరికి. మా పూర్వీకులు కట్టిన నగరాన్ని మా ఊరు యాష్నిక్‌లో అందరం రాళ్ళనే అంటాం. మధ్యాహ్నం మా పెరటి వెనక ఉన్న గుహబావిలో ఈత. ఆ తర్వాత మా ఇంట్లో భోజనం. రెండున్నరకు వ్యాను తిరిగి బయల్దేరాలి. చూపించేది ఎవెలియో, వండేది నేను. బావి ఉన్న నేల మాత్రం మా అత్తగారు దోన్యా బసిలియాది. ఆవిడ ఒప్పుకోవాలి.

ఆవిడ ఊయలలో కూర్చుని గుమ్మడి గింజలు ఒలుస్తూ కొడుకు చెప్పిందంతా విన్నది.

"రానీ. ఈదనీ. కానీ వేడి ఒంటితో ఎవరూ నా నీళ్ళలో దిగకూడదు," అంది.

"అమ్మా, పొద్దుటి నుంచీ ఎండలో తిరిగి ఆ నీళ్ళ కోసమే కదే వచ్చేది!"

"అందుకే చెప్తున్నా. కూర్చోబెట్టు. ఆరాక దింపు."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

ఇందులో మా ఊళ్ళో ఎవరికీ వింతేమీ కనబడదు. వేడి ఒంటి మీద చల్లనిది పడితే నరాలు బిగుసుకుపోతాయని, ఊపిరి లోపలే ఉండిపోతుందని పాకే పిల్లకి కూడా తెలుసు. నేను వయ్యదోలిద్‌ పట్నంలో రెండేళ్ళు టీచరు చదువు చదివాను. ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు. అయినా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో రొట్టెలు కాల్చిన చేత్తో ఒక్కసారి కూడా ఫ్రిజ్ తలుపు తియ్యలేదు. నమ్ముతున్నావా అంటే చెప్పలేను. అలవాటు నమ్మకంకంటే మొండిది.

మొదటి రోజు అత్తగారు కొయ్యపీట తీసుకెళ్ళి బావి మెట్ల మొదట్లో వేసుకుని కూర్చుంది. ఉతికిన తెల్ల అంగీ, అంచుకు ఎర్రపూల కుట్టు, భుజాల మీద శాలువా. పన్నెండు మందీ ఈత బట్టల్లో, టమాటాల్లా కందిపోయి, చంకల్లో తువాళ్ళతో వరసగా వచ్చారు. ముందున్నాయన తలుపంత మనిషి. అత్తగారు పీట మీద నుంచి లేచి, వంగమని చెయ్యి ఊపి, ఆయన మెడ వెనక తన చేతి వెనకభాగం ఆనించింది. రొట్టె కాలిందో లేదో చూసినట్టు.

"ఇంకా లేదు. పోయి కూర్చో," అంది మా మాయా భాషలో.

ఎవెలియో హోటల్ గొంతుతో, "మా అమ్మగారు తమరిని కాసేపు నీడలో విశ్రాంతి తీసుకోమంటున్నారు," అన్నాడు.

తలుపంత మనిషి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మెడలు వంచారు. ఒక ముసలాయన రెండుసార్లు వచ్చి వంచాడు.

వ్యాను డ్రైవరు గస్పార్ చెట్టుకు ఆనుకుని చూస్తున్నాడు. "విమానాశ్రయంలో కూడా ఇంత తనిఖీ లేదు, దోన్యా బసిలియా!"

"నీ మెడ కూడా ఇటు పెట్టు."

"నేను దిగట్లేదుగా!"

"దిగకపోయినా చూడాలి. నీ నోరు ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుంది."

అరగంట పట్టింది అందరూ ఆరడానికి. వ్యాను కదిలేసరికి మూడూ ఇరవై. ఆ సాయంత్రమే ఏజెన్సీ నుంచి ఇవోన్ మేడం ఫోన్ చేసింది. "మొదటి రోజు కదా, పర్వాలేదు," అంది. రెండో రోజు కూడా అదే మాట అంది. మూడో రోజు పర్వాలేదనలేదు.

డిసెంబరు, జనవరి అలాగే గడిచాయి. ఏ రోజూ వ్యాను మూడు లోపల కదల్లేదు. ఇంట్లో మాత్రం వేరే లెక్క. ఎవెలియో మేం పడుకునే ఊయలలు నేను కట్టేదానికంటే రెండు జానలు కిందికి కట్టేవాడు. చేతిగుడ్డలు హంసల్లా మడిచి భోజనాల బల్ల మీద నిలబెట్టేవాడు. వాటిని విప్పి మళ్ళీ నలుచదరంగా మడిచేసరికి నాకు పది నిమిషాలు. "కాఫీ ఇప్పుడా, భోజనం తర్వాతా?" అని సొంత తల్లిని అడిగి, "ఏం, అప్పుడు డబ్బులు ఎక్కువ తీసుకుంటావా?" అనిపించుకున్నాడు.

కానీ ఒకటి చెప్పాలి. మా ఇళ్ళల్లో పని ఇద్దరికి సరిపోయేలా ఉంటుంది: ఒకరు వేడి పని చేస్తే ఇంకొకరు చల్లని పని. నేను పెనం ముందు కూర్చుంటే ఎవరైనా నీళ్ళు తోడాలి, నారింజ రసంలో మంచు వెయ్యాలి, గిన్నెలు కడగాలి. పదకొండేళ్ళుగా మా ఇంట్లో చల్లని చేతులు లేవు. రొట్టెలయ్యాక దాహంతో నోరెండిపోతున్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆరేదాకా కూర్చునేదాన్ని. ఆ చలికాలం ప్రతి మధ్యాహ్నమూ నేను ఆఖరి రొట్టె దించగానే కుండలోని నీళ్ళ గ్లాసు నా నోటి దగ్గరికి వచ్చేది. "తాగు, నెల్మీ. చల్లగా లేవులే, చూశా," అనేవాడు. మొదట్లో గ్లాసు తనే పట్టుకుంటే సిగ్గేసేది. తర్వాత సిగ్గు పోయింది.

ఫిబ్రవరిలో ఇవోన్ మేడం కబురు పెట్టింది, ఫలానా గురువారం తనే వ్యానులో వస్తానని. ఎవెలియోకి రెండు రోజులు అన్నం సయించలేదు. నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. అరగంట ఊరికే కూర్చోబెడుతున్నాం, అదే కదా వాళ్ళ ఫిర్యాదు? ఊరికే కూర్చోబెట్టకపోతే? భోజనం తర్వాత రొట్టెలు తట్టడం చూపిస్తున్నాం; దానికి ఇరవై అయిదు నిమిషాలు. దాన్ని ముందుకు జరిపి, ఆరే సమయంలోనే చూపిస్తే ఒక్క దెబ్బకి రెండూ అయిపోతాయి. కాగితం మీద ఎంత చక్కగా కుదిరిందంటే, ఎవెలియో దాన్ని మూడుసార్లు చదివి, "టీచరమ్మ టీచరమ్మే," అన్నాడు.

గురువారం పన్నెండు మందినీ వంటింట్లోకి తీసుకొచ్చాను. మూడు రాళ్ళ పొయ్యి భగభగ మండుతోంది. అందరి చేతుల్లో పిండి ముద్దలు పెట్టాను. గుండ్రంగా తట్టారు, చిరిగిపోతే నవ్వారు, ఒక్కొక్కరే పెనం మీదికి వంగి తిప్పారు. ఇవోన్ మేడం కూడా ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి రెండు రొట్టెలు కాల్చింది. చేతి గడియారం చూసుకుని నా వైపు తల ఊపింది కూడా. నా కడుపు నిండిపోయింది.

తర్వాత అందరం మెట్ల దగ్గరికి వెళ్ళాం.

అత్తగారు మొదటి మెడ మీద చెయ్యి పెట్టి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"ఇదేంటి? వీళ్ళని కాల్చారా?"

నేను చెప్పబోయాను. ఆవిడ వరస చివరిదాకా వెళ్ళి ఒక్కొక్కరి మెడా చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

"నెల్మీ, వీళ్ళని ఎక్కడి నుంచి తెచ్చావు?"

"వంటింట్లోంచి, అత్తా."

"పొయ్యి దగ్గర్నుంచి."

"అవును."

"పెనం ముందు కూర్చోబెట్టి, వేడి రొట్టెలు చేతుల్లో పెట్టి, అక్కడి నుంచి తిన్నగా నీళ్ళ దగ్గరికి తెచ్చావు. పుస్తకాల్లో ఇలా రాశారా అమ్మా?"

గస్పార్ అవతలికి తిరిగి నవ్వడం వినిపించింది. మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్ల కూడా చెయ్యని పొరపాటు. కాగితం మీద నిమిషాలు లెక్కపెట్టాను, ఒంటిని లెక్కపెట్టలేదు. అత్తగారు అరగంటకి బదులు గంట కూర్చోబెట్టింది. గుహ పైకప్పు కన్నం లోంచి నీళ్ళ మీద పడే ఎండని ఫోటో తీసుకోవడానికే అందరూ వస్తారు. వాళ్ళు దిగేసరికి ఆ ఎండ గోడెక్కి వెళ్ళిపోయింది. చీకటి నీళ్ళలో ఈది వచ్చారు. వ్యాను కదిలేసరికి నాలుగు.

ఇవోన్ మేడం కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఎవెలియోని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "మీ అమ్మగారి మీద నాకేం లేదయ్యా. కానీ వీళ్ళని ఆరు హోటళ్ళ దగ్గర దింపాలి. ఈస్టర్ ముందు పవిత్ర వారంలో మంగళవారం మళ్ళీ వస్తాను. ఆ రోజు రెండున్నరకి వ్యాను కదలకపోతే వచ్చే సీజనుకి ఇంకో చోటు చూసుకుంటాం."

వ్యాను దుమ్ము ఇంకా సర్దుకోకముందే తల్లీ కొడుకులు మొదలుపెట్టారు.

"అమ్మా, వాళ్ళ దేశాల్లో మంచులో గొయ్యి తవ్వుకుని మునుగుతారట. వాళ్ళకేం కాదు."

"వాళ్ళ మంచులో మునగనీ. అది నాది కాదు."

"పని పోతే నేను హోటల్‌కి వెళ్ళిపోవాలి. తెలుసా?"

ఆవిడ శాలువా అంచు చేతికి చుట్టుకుంది.

"తెలుసు. ఎవరి బిడ్డనో వేడి ఒంటితో నీళ్ళలోకి తోసి నా బిడ్డని ఇంట్లో ఉంచుకోమంటావా? వెళ్తే వెళ్ళు."

ఆ మాట అని లోపలికి వెళ్ళి, ఊయలలో గోడ వైపు తిరిగి పడుకుంది. ఎవెలియో బావి దాకా వెళ్ళి వచ్చాడు. మర్నాడు హోటల్ నుంచి వడ్డనవాళ్ళ మీద ఉండే కెప్టెన్ ఫోన్ చేశాడు. ఏప్రిల్ మొదటి వారంలో చోటు ఉందట. ఈస్టర్ ఆదివారం సాయంత్రం లోపు ఏదో ఒకటి చెప్పాలట.

నేను వారం రోజులు నా పొరపాటుని తలుచుకుంటూ గిన్నెలు తోమాను. తోముతుంటే ఒక సంగతి తట్టింది. అరగంట కూర్చోబెడుతున్నాం, నిజమే. కానీ మొదటి రోజు వ్యాను ఆలస్యమైంది యాభై నిమిషాలు. మిగతా ఇరవై ఎక్కడిది? అసలు ఆ అరగంట కూడా ఎవరిది? అందరం అత్తగారి పీట వైపే చూశాం. రాళ్ళ దగ్గర ఏం జరుగుతోందో ఒక్కరమూ చూడలేదు.

శనివారం వంట పక్కింటావిడకి అప్పగించి, టోపీ, గడియారం, నోటుబుక్కు పట్టుకుని వ్యానెక్కాను. రాళ్ళు మాకు ఆరు కిలోమీటర్లు. బడిపిల్లగా ఒక్కసారి వెళ్ళాను, అంతే.

"ఇన్‌స్పెక్టరమ్మ ఎక్కింది, అందరూ బెల్టులు పెట్టుకోండి," అని గస్పార్ కేక పెట్టాడు.

ఎవెలియో నన్ను చూసి మొదట్లో మెనూ చదివినట్టు మాట్లాడాడు. తోరణం దగ్గర పన్నెండు నిమిషాలు. బంతాట మైదానం దగ్గర పద్దెనిమిది. ఇక్కడ గెలిచినవాడి తల నరికేవారా, ఓడినవాడిదా అని ఎవరో అడిగితే, "పండితులు ఇంకా కొట్టుకుంటున్నారండీ. ఎవరి తల పోయినా ఆట మాత్రం ఆ రోజుకి అయిపోయేది," అన్నాడు. బాగానే ఉంది. మెట్లు కట్టిన మొదటి రాతి గుట్ట చుట్టూ పదిహేను. ఇంతవరకూ ఒక్క నిమిషం వృథా లేదు.

రెండో గుట్ట ఎక్కవచ్చు. నేను మోకాళ్ళ వంక పెట్టి కిందే ఆగిపోయాను. నాతోపాటు ప్వెబ్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూడా ఆగి, సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. మిగతావాళ్ళు నిటారుగా ఉన్న మెట్ల మీద చేతులు ఆనించుకుంటూ పైకెక్కారు. పది నిమిషాలకు ఎవెలియో గొంతు కిందికి దిగింది. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. నేను వింటున్నానని పైనున్న మనిషికి తెలియదు.

"అదుగో, ఆకుపచ్చ మధ్యలో తెల్లగా నీళ్ళ ట్యాంకు కనిపిస్తోందా? దాని కిందే మా ఊరు. ఇవి కట్టినవాళ్ళు ఏమైపోయారని అందరూ అడుగుతారు. ఏమీ కాలేదండీ. ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్ళి అక్కడ కూర్చున్నారు. మా అమ్మ ఈపాటికి పీట తీసుకుని బయల్దేరి ఉంటుంది మీ మెడలు చూడ్డానికి."

నవ్వులు.

"నేను మొదటిసారి హోటల్ ఉద్యోగానికి బయల్దేరిన రోజు చేలోంచి పరుగెత్తుకొచ్చి నీళ్ళు పోసుకోబోయాను. మా అమ్మ నా మెడ మీద చెయ్యి పెట్టి, ఇంకా వేడిగా ఉన్నావు కూర్చో అంది. కూర్చున్నా. బస్సు వెళ్ళిపోయింది. మర్నాడు వెళ్తే కెప్టెన్ ఎందుకు ఆలస్యమని అడిగాడు. ఆరలేదండీ అన్నాను."

ఇంకా పెద్ద నవ్వులు. గడియారం చూశాను. పదహారు నిమిషాలు. ఇక దిగుతాడనుకున్నాను.

హోటల్లో పదకొండేళ్ళు ఎంతమందికి పొద్దుటి ఫలహారం పెట్టాడో, తన ఇంట్లో తను ఎన్ని పూటలు తిన్నాడో చెప్పాడు. గుడ్లు ఎవరికెలా కావాలో ముఖం చూసి చెప్పగలడట. ఎవరో ఆడమనిషి అడిగింది, "మరి మీ ఆవిడ ఏమంది?"

"మా ఆవిడ ఏమీ అనదు. చదువుకున్న మనిషి. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఉండిపొమ్మనలేదు. కానీ వంటింటి క్యాలెండర్ మీద నేనున్న రోజుల కింద పెన్సిలుతో చుక్క పెట్టేది. ఇంత సన్నగా. నాకు కనబడదనుకునేది. నేను వచ్చినప్పుడల్లా ముందు వెళ్ళి దాన్ని చూసేవాణ్ణి. నవంబరులో వచ్చేసిన తర్వాత చుక్కలు లేవు. ఎందుకు మానేసిందా అని భయం. అలవాటైపోయాననా, ఎలాగూ వెళ్ళిపోతాననా?"

నోటుబుక్కులో నా పెన్సిలు ఆగిపోయింది. రోజూ ఉండే మనిషికి గుర్తెందుకని మానేశాను. ఇంకేమీ లేదు. దాన్ని ఇన్నాళ్ళుగా ఒకరు చదువుతున్నారని నాకు తెలియదు.

"మీ గైడు బాగా మాట్లాడుతున్నాడమ్మా," అంది ప్వెబ్లా పెద్దావిడ శనక్కాయ పొట్టు ఊదుతూ. "పెళ్ళయిందా?"

"అయిందట," అన్నాను.

వాళ్ళు దిగేసరికి, "రెండో గుట్ట మీద నలభై రెండు నిమిషాలు," అని రాసి కింద గీత గీశాను.

ఆ సాయంత్రం వెలుగు ఉండగానే పెరట్లో నోటుబుక్కు తెరిచాను. ఎవెలియో ఎదురుగా పరీక్ష రాసిన పిల్లవాడిలా కూర్చున్నాడు.

"ఆలస్యం మీ అమ్మది కాదు. నీది," అన్నాను. "రెండో గుట్ట మీద నలభై రెండు."

ఎవెలియో చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడి మాటలు కిందికి వినిపిస్తాయా?"

"పైన రాజు మాట్లాడితే కింద జనానికి వినబడాలనే కట్టి ఉంటారు."

నేల మీద పుల్లతో గీతలు గీశాడు. "తీసేస్తాలే అదంతా. జనం అడుగుతారు, నోరు ఊరుకోదు."

"తియ్యొద్దు. చోటు మార్చు. పైన పది నిమిషాలు చాలు. మిగతాది ఇక్కడ, బావి దగ్గర, మీ అమ్మ కూర్చోబెట్టినప్పుడు చెప్పు. ఎండలో నిలబెట్టి చెప్తున్నావు; వాళ్ళు ఇంకా వేడెక్కి వస్తున్నారు. నీడలో చెప్తే విన్నట్టూ ఉంటుంది, ఆరినట్టూ ఉంటుంది."

ఎవెలియో పుల్ల పారేశాడు. "అంతేనా?"

"అంతే."

ఇంకేదో వస్తుందని నా మొహం చూశాడు. నేను నోటుబుక్కు మూసి, కోళ్ళని మూయడానికి లేచాను. నా నోరు కూడా నా పెన్సిలు లాంటిదే. అంతకంటే పెద్ద అక్షరాలు రావు.

పవిత్ర వారం మంగళవారం ఇవోన్ మేడం వచ్చింది. వ్యాను పదకొండూ ఇరవైకే వచ్చి ఆగింది. గస్పార్ గడియారం చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందా అని విన్నాడు. పన్నెండు మందీ నీడలో బల్లల మీద కూర్చున్నారు. ఎవెలియో నిలబడి బస్సు తప్పిన కథ ఎత్తుకున్నాడు. అత్తగారికి స్పానిష్ నాలుగు మాటలకు మించి రాదు. నన్ను చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి లాగింది.

"ఏమంటున్నాడు? అందరూ నా వైపు చూస్తున్నారేంటి?"

"మీరు కూర్చోబెట్టడం వల్ల మొదటిరోజు బస్సు తప్పిందని చెప్తున్నాడు."

"అబద్ధం! ఆ డ్రైవరు పది నిమిషాలు ముందే లాగేశాడు. చెప్పు వాళ్ళకి."

నేను స్పానిష్‌లో చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. అత్తగారు ఎందుకు నవ్వుతున్నారో కనుక్కుని, ఆ డ్రైవరు పేరు, వాడి తండ్రి పేరు, వాడు ఎవరి కోడిపుంజుని బండి కింద తొక్కాడో కూడా చెప్పమంది. అదీ చెప్పాను. అలా ఆవిడ ఒకటి, కొడుకు ఒకటి, మధ్యలో నేను. తను మాట్లాడుతూనే లేచి మెడలు చూసుకుంటూ వెళ్తోంది. ఇవోన్ మేడం దగ్గర ఆగి, ఆవిడ జుట్టు పక్కకి తొలగించి చెయ్యి ఆనించింది.

"ఈ పిల్ల ఆరింది. అందరికంటే ముందు ఆరింది. మంచి ఒళ్ళు."

నేను చెప్పగానే మేడం బడిలో బహుమతి వచ్చినట్టు చుట్టూ చూసింది.

అప్పుడే ఎవరో ఎవెలియోని అడిగారు, మీ ఆవిడ ఏమందని. "మా ఆవిడ..." అని మొదలుపెట్టి, పీట పక్కన నన్ను చూసి ఆగాడు. "మా ఆవిడ గోతిపొయ్యి మాంసం ఈ చుట్టుపక్కల ఎవరూ అలా వండలేరండీ. పదండి, దిగుదాం."

"ఇప్పుడేమన్నాడు?" అంది అత్తగారు.

"నేను బాగా వండుతానట."

"దానికి అంత మొహం పెట్టాడా?"

పన్నెండు కాకముందే అందరూ నీళ్ళలో ఉన్నారు. కన్నం లోంచి ఎండ స్తంభంలా దిగి వాళ్ళ తలల మీద పడింది. రెండూ ఇరవై ఎనిమిదికి వ్యాను కదిలింది. ఇవోన్ మేడం కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈస్టర్ తర్వాత జనం తగ్గుతారు. మంగళవారాలు మాత్రం పంపుతాను. జూలై నుంచి మళ్ళీ మూడు రోజులు," అంది. అప్పుడు ఆ మాట చాలా మామూలుగా వినిపించింది.

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అత్తగారు లోపల ఊయలలో కునుకు తీస్తోంది. నేను పొయ్యి పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవెలియో నాకు నీళ్ళు పట్టి, గ్లాసు కింద పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు. తీసి ఊరికే చూస్తున్నాడు.

"కెప్టెన్‌కి సాయంత్రం లోపు చెప్పాలి," అన్నాడు. "వ్యాను ఉంది, సరే. కానీ జూలై దాకా వారానికి ఒక్క రోజే. హోటల్లో అయితే నెల నెలా ఖాయం." గొంతు సవరించుకున్నాడు. "నువ్వేమంటావు?"

పదకొండేళ్ళలో నేను అడగలేదు, నిజమే. తనూ నన్ను అడగలేదు. నేను తల పైకెత్తాను. వంటింటి కప్పులో పొగ పట్టిన ఆకుల మధ్య మూడు చోట్ల ఆకాశం కనిపిస్తోంది.

"ఈ కప్పు వచ్చే వానలకి ఆగదు," అన్నాను.

ఎవెలియో కూడా పైకి చూశాడు.

"పోయినసారి నువ్వు లేవు. కూలివాళ్ళు ఏ రోజు కొట్టిన ఆకో తెచ్చి కప్పారు. ఆరేళ్ళకే పురుగు పట్టింది. నిండు చంద్రుడప్పుడు కొట్టిన ఆకయితే ఇరవై ఏళ్ళు ఉంటుంది."

"ఇరవై ఏళ్ళు," అన్నాడు.

"మంచిగా కడితే. పైన నువ్వు కట్టు. కింద నుంచి నేను అందిస్తా. ఒక్కదాన్ని రెండు పనులూ చెయ్యలేను."

ఫోన్ బల్ల మీద పెట్టాడు, తెర కిందికి వచ్చేలా. అలా కూర్చుని గుడ్డిగా దాని అంచు తడుముతున్నాడు. బయట కోడి ఒకటి గుడ్డు పెట్టి ఊరంతా చెప్తోంది.

"పౌర్ణమి ఎప్పుడు?"

"ఇరవై మూడున. మంగళవారం."

"మంగళవారం వ్యాను రోజు కదే!"

"బుధవారం కొడదాం. ఒక్కరోజులో చంద్రుడు ఏం తగ్గిపోతాడు?"

"తగ్గుతాడు," అంది అత్తగారు లోపల ఊయలలోంచి, కళ్ళు తెరవకుండానే. "ఆ ఇవోన్‌కి చెప్పండి, ఆ వారం బుధవారం రమ్మని. వచ్చేవాళ్ళకి ఏ రోజయితే ఏంటి? ఆకు మా ఇంటి మీద ఇరవై ఏళ్ళు ఉండాలి."

ఎవెలియో నవ్వుతూ ఫోన్ అందుకున్నాడు. ముందు కెప్టెన్‌కి చేశాడు.